జైలరు పదవికి పద్నాలుగు మంది

క్రేన్ క్రీక్, కెంటకీ
జనవరి 22, 1961

వెర్డీకి,

నీ ఫొటో చేరింది. టెలివిజన్ పక్కన నిలబడి దాని మీద చెయ్యి వేసుకుని తీయించుకున్నావు. పెళ్ళినాటి ఫొటోలో క్లెల్ మీద కూడా నువ్వు అలా చెయ్యి వెయ్యలేదు. అమ్మ దాన్ని పొయ్యి పైన బల్ల మీద నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నేను పొద్దునా సాయంత్రం వాగు దాటి వెళ్ళి ఆవిడకి నీళ్ళు తోడి, కట్టెలు కొట్టి వస్తాను. వెళ్ళినప్పుడల్లా నువ్వు నన్ను చూసి నవ్వుతుంటావు.

ఇక్కడి సంగతులు. మంచు కరగలేదు. అమ్మకి దగ్గు తగ్గింది. అసలు సంగతి ఏమిటంటే, టైలర్ గాబర్డ్ ఇక జైలరుగా పోటీ చెయ్యనన్నాడు. కాళ్ళకి నీరు పట్టి మెట్లు ఎక్కలేకపోతున్నాడు. మనకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ తాళాల గుత్తి అతని నడుముకే ఉంది కదా. ఇప్పుడది దించుతున్నాడు. మీ బావ డెల్మర్ నిలబడుతున్నాడు.

గనిలోకి ఆ పెద్ద యంత్రం వచ్చాక తీసేసినవాళ్ళలో డెల్మర్ మొదటి వరసలోవాడని నీకు తెలుసు. అప్పట్నుంచీ ఎవరి కంచె పడిపోయినా, ఎవరి పొగగొట్టం పూడుకుపోయినా పిలిస్తే వెళ్ళడమే పని. జైలరైతే నెల జీతం. అంతకంటే ముఖ్యం, ఇల్లు. కోర్టు పక్కనున్న ఆ రాతి మేడ. కింద ఖైదీలు, పైన జైలరు కాపురం. నేను ఒకసారి గాబర్డ్ భార్యకి గుడ్లు ఇవ్వడానికి పైకి వెళ్ళాను. గది గదికీ వెచ్చటి గొట్టాలు. స్నానానికి తొట్టి. కుళాయి తిప్పితే వేడినీళ్ళు. అలాంటివి డెట్రాయిట్‌లోనే ఉంటాయనుకోకు.

మే నెలలో మన పార్టీ వాళ్ళలో వాళ్ళకి జరిగే పోటీలో నెగ్గితే నెగ్గినట్టే. నవంబరులో అవతలి పార్టీ పేరుకి ఒకణ్ణి నిలబెడుతుంది గానీ, వాడి చుట్టాలే వాడికి వెయ్యరు. ఇప్పటికి మన వైపు నిలబడ్డది ముగ్గురే. మీ బావకి భయం లేదు.

పిల్లలకి ముద్దులు. క్లెల్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క
ఆర్ఫా


డెట్రాయిట్
ఫిబ్రవరి 8

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాం. క్లెల్ అయితే రెండుసార్లు చదివించుకున్నాడు. "మీ అక్క జైల్లో కాపురం పెడుతుందా? ఇన్నాళ్ళకి సరైన చోటు దొరికింది" అని పడీ పడీ నవ్వాడు. హాస్యానికే, మనసులో పెట్టుకోకు.

ఈ మధ్య ఇంట్లోనే ఉంటున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చారు. కొత్త కార్ల నమూనాలు మారేటప్పుడు అలాగే ఇస్తారు. ఇంట్లో మగవాడు కూర్చుంటే ఎంత ఇరుకో నీకు చెప్పక్కర్లేదు. టెలివిజన్ ముందు కూర్చుని ఏదో ఒకటి గొణుగుతుంటాడు. నిన్న కాగితం తీసుకుని మన కౌంటీలో ఉన్న తన ఇంటిపేరు వాళ్ళని, నేపియర్లందరినీ రాశాడు. ఎందుకని అడిగితే, "ఊరికే, ఎంతమంది బతికున్నారో చూద్దామని" అన్నాడు.

ఆ జైలు మేడ మీద గదులెన్ని? వంటగది ఖైదీలకీ ఇంటికీ ఒకటేనా, వేరువేరా? పిల్లలుంటే బడి దగ్గరేనా? ఊరికే తెలుసుకుందామని.

నా ఫొటో నిన్ను చూసి నవ్వుతుందని రాశావు. నేను నవ్వలేదక్కా. ఫొటో తీసేవాడు పళ్ళు కనిపించాలన్నాడు. అమ్మని రోజూ చూసుకునే అదృష్టం నీకుంది. నాకు ఈ పెట్టె ఉంది. ఎవరికేముంటే దానికే ఎదుటివాళ్ళు ఏడుస్తారు కాబోలు.

బావకి మా అందరి శుభాకాంక్షలు.

వెర్డీ


క్రేన్ క్రీక్
మార్చి 1

వెర్డీకి,

సరైన చోటు దొరికిందన్నాడా మీ ఆయన. అన్నాడనే రాశావు, రాయకుండా ఉండలేకపోయావు. పోనీలే.

గదులు నాలుగు. వంటగది ఒకటే. బడి ఎదురుగానే. ఎందుకు అడిగావో అర్థమైంది, చుట్టపుచూపుగా వద్దామనే కదా. రా. కానీ గెలిచినా జనవరిలో గానీ తాళాలు చేతికి రావు. అప్పుడు పిల్లలతో సహా వచ్చి నెల్లాళ్ళు ఉండు. నీకు పడమటి గది ఇస్తాను. ఒక్కసారి నువ్వు నా ఇంటికి అతిథిగా వచ్చి, నేను కుళాయి తిప్పుతుంటే చూడాలి. ఆ కోరిక ఎంత చిన్నదో నాకు తెలుసు, అయినా ఉంది.

ఇక్కడ ముగ్గురు తొమ్మిదిమంది అయ్యారు. ఎలాగంటావా? మొదట మంగలి ఫెస్ బ్రూవర్. డెల్మర్ అతని కుర్చీలోనే కూర్చుని గడ్డం గీయించుకుంటూ తను నిలబడుతున్న సంగతి చెప్పాడు. కత్తి గొంతు మీద ఉండగానే బ్రూవర్ కాసేపు ఆలోచించి, "ఊళ్ళో మగవాళ్ళంతా వారానికోసారి ఇక్కడ కూర్చునేవాళ్ళే. నేనూ నిలబడితే తప్పేంటి డెల్మర్?" అన్నాడట. మర్నాడే పేరిచ్చాడు. తర్వాత హెన్స్‌లీ పెద్దవాడు. పెద్దవాడు నిలబడ్డాడని పొలం గట్టు తగాదా ఉన్న చిన్నవాడు. ఆ తర్వాత వాగు ఎగువనుండే ఎల్జిన్ సైజ్‌మోర్. వాడికి తాళం ఎటు తిప్పాలో తెలియదు. మన ఇంటిపేరు వాడు కాబట్టి మన ఓట్లు చీలుతాయని ఎవరో వెనక ఉండి నిలబెట్టారు. ఒకడు మాత్రం ఎవరైనా బతిమాలి తప్పుకోమంటే తప్పుకుని, ఆ మాట మీద చిన్న ఉద్యోగం సంపాదిద్దామని నిలబడ్డాడట. ఇంతవరకూ ఎవరూ బతిమాలలేదు.

కొట్టు దగ్గర ముసలివాళ్ళంతా ఇదే మాట. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, ఊళ్ళో సగంమంది ఒప్పుకోనక్కర్లేదు. నిలబడేవాళ్ళు పెరిగేకొద్దీ గెలవడానికి కావలసిన ఓట్లు తగ్గుతాయి. అవి తగ్గేకొద్దీ ఇంకొకడికి ఆశ పుడుతుంది. ఒక్కొక్కడూ పెరట్లో కూర్చుని వేళ్ళ మీద చుట్టాల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకడు నిలబడితే ఎవరికీ ఏమీ అనిపించదు. ఇద్దరు నిలబడితే మూడోవాడు నేనేం తక్కువ అనుకుంటాడు. తొమ్మిదిమంది నిలబడ్డాక నిలబడనివాడే వెర్రివాడు.

మీ బావ మాత్రం, "రానీ. ఎంతమంది వస్తే నాకు అంత మంచిది" అంటున్నాడు. అతనికి తన అన్నదమ్ములు, గనిలో కలిసి పనిచేసినవాళ్ళు, అమ్మ వైపువాళ్ళు, మీ నేపియర్లు ఉన్నారు. నేపియర్లు మనవాళ్ళే కదా.

క్లెల్‌కి విశ్రాంతి దొరికినందుకు సంతోషం. మీ బావకి దొరికిన విశ్రాంతిని ఇక్కడ వేరే పేరుతో పిలుస్తాం.

ఆర్ఫా


డెట్రాయిట్
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరంలో చివరి మాట సూదిలా గుచ్చావు. సరే, చెప్పేస్తున్నాను. విశ్రాంతి కాదు. నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగకి ముందే తీసేశారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, అసలు పిలుస్తారో లేదో తెలియదు. మా వీధిలో కెంటకీ వాళ్ళు సగంమంది సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. నీకెందుకు చెప్పలేదంటావా? నీకు చెప్తే అమ్మకి చెప్తావు. చెప్పేటప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో నాకు కనిపిస్తూనే ఉంది. నీకు సంతోషమని కాదు. కాస్త ఊరట. నాకైనా అలాగే ఉండేది.

క్లెల్ వచ్చేవారం బస్సెక్కి అక్కడికి వస్తున్నాడు. అమ్మ ఇంట్లో దిగుతాడు. పైకప్పు బాగుచేస్తాడట, బావకి ప్రచారంలో సాయం చేస్తాడట. "డెల్మర్‌ అన్నకి నోరు తిరగదు, నేను పక్కనుంటే నాలుగు మాటలు మాట్లాడతాను" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకో ఆ మనిషి ఒక పని మీద ఉత్సాహంగా లేచాడు. కోటు తనే బ్రష్ చేసుకున్నాడు.

కాస్త కడుపునిండా పెట్టు. చిక్కిపోయాడు. చిక్కిపోయావేమని మాత్రం అడగకు.

వెర్డీ


క్రేన్ క్రీక్
ఏప్రిల్ 5

వెర్డీ,

పెట్టాను. కడుపునిండానే పెట్టాను. కోడిని కోసి, ఉడికిన పులుసులో పిండి ముద్దలు వేసి వండాను. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, దాచుకున్న ఎండు ఆపిల్ ముక్కలతో కేకు. మీ ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. "వదినా, నీ చేతి వంట తిని ఎన్నేళ్ళయింది" అన్నాడు. మీ బావ పొంగిపోయి తన పొగాకు తీసి ఇచ్చాడు. మర్నాడు పేర్లు ఇవ్వడానికి చివరి రోజు. ఇంకెవరెవరు ఇస్తారో చూద్దామని ఇద్దరూ కలిసి కోర్టుకి వెళ్ళారు. దారి పొడుగునా నవ్వుకుంటూ వెళ్ళారట.

తర్వాత జరిగింది డెల్మర్ చెప్పలేదు. గుమస్తా భార్య చెప్పింది. ఆఫీసు మూసే ముందు క్లెల్ టోపీ తీసి, గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళి తన పేరు రాయించాడు. మీ బావ వెనకే నిలబడి ఉన్నాడు. "తమ్ముడూ, ఇదేమిటి?" అన్నాడు, అంతే. దానికి మీ ఆయన, "పదమూడుమంది ఉన్నారన్నా. పద్నాలుగోవాడి వల్ల నీకు ఏం పోతుంది?" అన్నాడు. డెల్మర్ ఒక్కడే నడిచి ఇంటికొచ్చాడు. నా వైపు చూడకుండా వెళ్ళి పందులకి మేత వేశాడు.

ఏం పోతుందా? నేపియర్లు పోతారు. అమ్మ వైపువాళ్ళు సగం పోతారు. మన చర్చిలోనే రెండు వరసలు పోతాయి.

గదులెన్ని అని అడిగావు. వంటగది వేరా ఒకటేనా అని అడిగావు. బడి దగ్గరేనా అని అడిగావు. నేనెంత వెర్రిదాన్ని, చుట్టపుచూపుకి అనుకున్నాను. పడమటి గది ఇస్తానని కూడా రాశాను. నువ్వు అప్పటికే నా గదిలో నీ మంచం వేసుకున్నావు.

నాకు ఏదైనా రాబోతోందంటే నీకు నిద్రపట్టదు. చిన్నప్పట్నుంచీ అంతే.

ఆర్ఫా


డెట్రాయిట్
ఏప్రిల్ 13

అక్కా,

నా పిల్లల మీద ఒట్టు, నాకు తెలియదు. నీ ఉత్తరం వచ్చేదాకా నా మొగుడు నీ మొగుడికి సాయం చేస్తున్నాడనే అనుకున్నాను. అతని ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. "డెల్మర్ అన్న మీద నాకు కోపం లేదు. కానీ ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చుని అతను గెలిచాక ఏం చేస్తాడో చెప్తుంటే ముద్ద దిగలేదు వెర్డీ. గనిలో ఇద్దరం ఒకే పని చేశాం. అతని కంటే నేనే ఎక్కువ బొగ్గు తవ్వేవాణ్ణి. అతను జైలరు, నేను ఆ జైలరు తోడల్లుణ్ణా?" అని రాశాడు. ముద్ద దిగలేదన్నవాడు మూడుసార్లు వడ్డించుకున్నాడని నువ్వు రాశావు. మగవాళ్ళ అసూయ ఆకలిని చంపదు కాబోలు.

తిడదామనే కలం పట్టాను. రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఎందుకు తిట్టాలి? అతను ఎందుకు నిలబడకూడదు? బావ నిలబడితే న్యాయం, బ్రూవర్ నిలబడితే హాస్యం, నా మొగుడు నిలబడితే ద్రోహమా? నీ ఇంట్లో అన్నం తిన్నాడని నిలబడకూడదంటే, ఆ కౌంటీలో నీ ఇంట్లో తిననివాళ్ళు ఎవరున్నారు?

నాకు నిద్రపట్టదన్నావు. అమ్మ ఇల్లు నీకు పెరటి దూరం. అమ్మ చేతి దుప్పట్లన్నీ నీ పెట్టెలో ఉన్నాయి. పండగకి పిలవకుండానే చుట్టాలు నీ ఇంటికే వస్తారు. నేను ఇక్కడ కిటికీలోంచి పొగగొట్టాలు చూస్తూ, మన లోయలో ఇప్పుడు ఏ పూలు పూశాయో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. నువ్వు కుళాయి కోసం ఏడ్చావు. నేను వాగు కోసం ఏడ్చాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఇంకోటి. క్లెల్ ఆ కౌంటీ మనిషే కాదని, పేరు కొట్టేయమని ఎవరో కోర్టులో అర్జీ పెట్టారట. అది బావ పనేనా? నిజం చెప్పు.

వెర్డీ


క్రేన్ క్రీక్
మే 4

వెర్డీకి,

అర్జీ పెట్టింది బ్రూవర్. మీ బావ కాదు. నువ్వు అడిగిన పద్ధతికి జవాబే రాయకూడదనుకున్నాను. కానీ నిన్న జరిగింది నీకు ఇంకొకరు చెప్పేలోగా నేనే చెప్పాలి.

జడ్జి నన్ను పిలిపించాడు. క్లెల్‌కి దగ్గరి చుట్టాన్ని, అమ్మ ఇంటికి రోజూ వెళ్ళేదాన్ని, అతను ఎక్కడి మనిషో నాకంటే ఎవరికి తెలుస్తుందని. నేను "డెట్రాయిట్" అన్న ఒక్క మాట చెప్తే చాలు, నేపియర్లందరూ తిరిగి మీ బావ వైపు వస్తారు. ముందురోజు డెల్మర్‌ని ఏం చెప్పమంటావని అడిగాను. "నీ చెల్లెలు, నీ ఇష్టం" అన్నాడు. అతని ముఖంలో ఏముందో చూడ్డానికి దీపం సరిపోలేదు.

కోర్టు గది నిండిపోయింది. పోటీలో ఉన్నవాళ్ళ పెళ్ళాలంతా ముందు వరసలో కూర్చుని నా టోపీ వంక చూస్తున్నారు. క్లెల్ పక్కగా నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఆ డెట్రాయిట్ కోటు. ఆ కోటు చూసినప్పుడల్లా నాకు కడుపుమంట, నా మొగుడికి అలాంటిది లేదని. నిన్న వెలుతురులో దగ్గర్నుంచి చూశాను. మోచేతుల దగ్గర మాసికలు. కుట్టు నీదే. లోపలి గుడ్డ తీసి, ఆ రంగు కలిసేలా వేశావు. ఎంత సేపు కూర్చుని కుట్టావో.

జడ్జి అడిగాడు: "చెప్పమ్మా ఆర్ఫా, నీ చెల్లెలి భర్త ఉండేది ఇక్కడా, డెట్రాయిట్‌లోనా?"

నేను చెప్పాను: "పని డెట్రాయిట్‌లో చేశాడు జడ్జి గారూ. అతని మంచం, తుపాకి, వేటకుక్క మా అమ్మ ఇంట్లో ఉన్నాయి. అవి ఎప్పుడూ ఊరు దాటలేదు. మన మగవాళ్ళు కుక్క ఎక్కడుంటే అక్కడే ఉన్నట్టు. మీకూ తెలుసు."

అందరూ నవ్వారు. జడ్జికి మూడు కుక్కలున్నాయి. అర్జీ కొట్టేశాడు.

ఇది నీ మీద జాలితో చేశాననుకోకు. ఊళ్ళో వాళ్ళు, ఆర్ఫా చెల్లెలి మొగుడికి భయపడింది అనకూడదు. అందుకు చేశాను. మీ బావ నిన్నటి నుంచీ అవసరమైతే తప్ప మాట్లాడ్డం లేదు. ఓడిపోతే నా మూలానే అని అనడు. అనకుండానే బతుకంతా అంటాడు.

ఆర్ఫా


డెట్రాయిట్
మే 5

అక్కా,

దీని తర్వాత నీకు రాయను. హెన్స్‌లీల కోడలు మా వీధిలోనే ఉంటుంది. నిన్న దానికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. నువ్వు కోర్టులో నిలబడి, జడ్జి ముందు, ఊరందరి ముందు నా మొగుణ్ణి కుక్కతో పోల్చావట. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారట. అతను తల వంచుకుని నిలబడ్డాడట.

ఉద్యోగం పోయినవాణ్ణి కుక్క అనడానికి నీకు నోరెలా వచ్చింది? ఓట్లు కావాలంటే అడుక్కోవాల్సింది. నేనే చెప్పి తప్పించేదాన్నేమో.

వాయిదాలు కట్టలేదని టెలివిజన్ కొట్టువాడు వచ్చి తీసుకుపోయాడు. అమ్మ పొయ్యి మీదున్న ఫొటో తీసి పొయ్యిలో పెట్టుకో. ఈ ఇల్లు ఖాళీ చేసేశాం. నేనూ పిల్లలూ పోలింగు ముందే అమ్మ దగ్గరికి వస్తున్నాం. వాగు అటు వైపు నుంచి ఇటు రావద్దు. అమ్మకి నీళ్ళు నేను తోడతాను.

వెర్డీ


క్రేన్ క్రీక్, వాగుకి ఇవతల నుంచి
మే 27

వెర్డీకి,

ఈ ఉత్తరం నేను కొట్టులో ఇస్తే, పోస్టు చూసే ఆవిడ చిరునామా చదివి, "మీ ఇంటి నుంచి కేకేస్తే వినబడేంత దూరం కదా ఆర్ఫా" అంది. ఇది కేకేసే మాట కాదన్నాను. మూడు వారాలుగా నువ్వు అక్కడ బట్టలు ఆరేస్తుంటే నేను ఇక్కడ ఆరేస్తున్నాను. మన దుప్పట్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి గానీ మనం చూసుకోవడం లేదు.

నా మే నాలుగో తేదీ ఉత్తరం నువ్వు ఖాళీ చేసిన ఇంటికి చేరి ఉంటుంది. తిరిగి నీకు వచ్చేదాకా నేనేం చెప్పినా నమ్మవు. క్లెల్‌ని అడుగు, కోర్టులో నేను అన్నది మాట మాటా చెప్పమను. అతను తల వంచుకున్నది సిగ్గుతో కాదు, నవ్వు ఆపుకోలేక. బయటికొచ్చి టోపీ తీసి నాకు కృతజ్ఞత చెప్పాడు కూడా. నీకు చెప్పలేదంటే, నా దయ వల్ల పోటీలో మిగిలానని పెళ్ళానికి చెప్పుకోవడం ఇష్టంలేకే.

ఓట్లు లెక్కపెట్టిన రోజు నేను కోర్టు మెట్ల మీదే కూర్చున్నాను. నువ్వు గడ్డిలో చెట్టు కింద కూర్చున్నావు. పైనుంచి ఒక్కొక్క పల్లె ఫలితం కిటికీలోంచి అరిచి చెప్తున్నారు. మధ్యాహ్నం దాకా మీ బావ ముందున్నాడు. ఎగువ పల్లెలు వచ్చేసరికి క్లెల్ పుంజుకున్నాడు. అతనికి వచ్చిన ప్రతి ఓటూ ఎవరిదో నాకు పేరుతో తెలుసు. మూడు గంటలకి బ్రూవర్ ఇద్దరినీ దాటేశాడు. కొద్దిపాటి ఓట్లతోనే గెలిచాడు. మీ బావ రెండోవాడు, మీ ఆయన మూడోవాడు. ఇద్దరివీ కలిపితే బ్రూవర్ ఆనవాలు ఉండేది కాదు. ఈ కౌంటీలో నూటికి ఎనభైమంది వద్దనుకున్నవాడు జైలరయ్యాడు. ఎనభైమంది పదమూడు ముక్కలయ్యారు కాబట్టి.

నిన్న అమ్మ కొట్టుకి వచ్చినప్పుడు అడిగింది, "ఒక్క కుర్చీకి అంతమంది ఎందుకే?" అని. ఆకలి అన్నాను. తర్వాత ఆలోచించాను. గని పోయింది, అది నిజం. కానీ ఆకలి ఒక్కటే అయితే అందరూ కూర్చుని ఎవరు ఎక్కువ ఆకలిగా ఉన్నారో చూసి ఒకణ్ణి నిలబెట్టేవాళ్ళు. ఎవరూ ఆ కుర్చీ వంక చూడలేదు వెర్డీ. పక్కవాడు అందులో కూర్చుంటే ఎలా ఉంటాడో చూశారు. అది చూడలేక నిలబడ్డారు. హెన్స్‌లీ చిన్నవాడు తనకి వచ్చినవి అడగనే లేదు. అన్నకి ఎన్ని తగ్గాయో అడిగి, తృప్తిగా గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మెట్లు దిగి వస్తుంటే నాకు దుఃఖం వచ్చింది. అంతలో నీ ముఖం చూశాను. నీకూ ఆ మేడ దక్కలేదు కదా అనిపించింది. ఆ క్షణంలో దుఃఖం సగం తగ్గింది. అందుకు సిగ్గుపడుతున్నాను. నీకూ అలాగే అయిందని నాకు తెలుసు. ఎందుకంటే నువ్వూ అప్పుడే తల తిప్పుకున్నావు.

డెల్మర్, క్లెల్ నిన్న అమ్మ పైకప్పు మీద కలిసి రేకులు కొట్టారు. మాట్లాడుకోలేదట. మేకులు మాత్రం అందించుకున్నారట.

ఆర్ఫా


అమ్మ ఇల్లు
జూన్ 10

అక్కా,

నీ పాత ఉత్తరం డెట్రాయిట్ తిరిగి నిన్న చేరింది. క్లెల్‌ని అడిగాను. అతను పొయ్యిలో కట్టె సర్దుతూ, "అవును, మీ అక్క వల్లే" అన్నాడు. మాసికల సంగతి చదివి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

తల తిప్పుకున్నది నిజమే. నువ్వు రాసినట్టే అయింది.

ఇప్పుడు అసలు విషయం. ఇవాళ ఫెస్ బ్రూవర్ వచ్చాడు. గాబర్డ్ ఇక మంచం దిగడట, వాళ్ళు మేడ ఖాళీ చేస్తారట. జనవరి దాకా ఆగకుండా బ్రూవర్‌నే సహాయకుడిగా పెట్టుకుని తాళాలు ఇచ్చేస్తున్నారు. ఇబ్బంది ఏమిటంటే అతని భార్య ఖైదీలకి వండనంటోంది. "దొంగలకీ తాగుబోతులకీ చాకిరీ చెయ్యడానికి నేను మంగలివాణ్ణి కట్టుకోలేదు" అందట. జీతమిచ్చి వంటమనిషిని పెట్టుకోవాలి. రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చు. నన్ను చేస్తావా అని అడిగాడు.

చేస్తాననే మాట నోటి చివర దాకా వచ్చింది. మాకు ఎంత అవసరమో నీకు తెలుసు. కానీ ఆ వంటగది నువ్వు ఎన్ని రాత్రులు తలుచుకున్నావో కూడా నాకు తెలుసు. నేను దాంట్లో నిలబడి గరిటె తిప్పుతుంటే నువ్వు కోర్టు వీధిలో నడవగలవా? అందుకే బ్రూవర్‌తో అన్నాను, "మా అక్కని అడగండి. వంట నాకంటే తనకే బాగా వచ్చు."

ఇది చెప్పడం నాకు ఎంత కష్టమైందో నీకు తెలియాలని రాస్తున్నాను. చిన్నప్పట్నుంచీ అందరూ చెప్తున్నదే, నేను మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. రేపు నీ దగ్గరికి వస్తాడు. కాదనకు.

నీ చెల్లి
వెర్డీ


వాగు ఇవతల
జూన్ 11

వెర్డీ,

బ్రూవర్ ఇవాళ నా దగ్గరికి రావడమేమిటి? నిన్న నీ దగ్గరికి రాకముందే నా దగ్గరికి వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి అడిగాడు. నేనే వద్దన్నాను. "వాగు అవతల మా చెల్లెలుంది. ఊళ్ళో పనిలేని మగాడు ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు, వాళ్ళ ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారు. ముందు దాన్ని అడుగు, నేను పంపానని చెప్పకు" అన్నాను. పెద్దమనిషి, చెప్పలేదన్నమాట.

కాబట్టి నువ్వు ఆ ఉద్యోగాన్ని నాకు వదిలేశావని ఎక్కడా చెప్పుకోకు. ముందు వదిలింది నేను. నీకు ఇచ్చింది నేను. నేను వద్దన్నాకే అతను నిన్ను అడిగాడు. అమ్మకి కూడా ఇదే చెప్పాను. పోస్టు చూసే ఆవిడకి కూడా చెప్పాను.

బ్రూవర్‌కి ఇవాళ పొద్దున కబురు పంపాను, సోమవారం నుంచి నువ్వే వస్తావని. పిల్లల్ని నా దగ్గర వదిలి వెళ్ళు. మీ చిన్నది నీ దగ్గరకంటే నా దగ్గరే బాగా తింటుంది, అది కూడా నువ్వు ఒప్పుకోవలసిందే.

సోమవారం దాకా ఎందుకు, ఇవాళే రా. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. నీ పెద్దాడు ఇక్కడే నా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, పొద్దుటి నుంచీ. వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

అక్క